కప్పున్న ఎంజీబీలు: జీటీ నుంచి ఎల్ఈ దాకా

(రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోందా? సరే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈరోజు నేను ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో రోడ్‌స్టర్ రకం గురించి మాట్లాడను. టాప్ మడిచేసి తిరిగే ఆ బండి గురించి అందరూ మాట్లాడతారు, ఫొటోలన్నీ దానివే. నేను మాట్లాడేది కప్పున్న ఎంజీబీ గురించి. కూపే అంటారు. దానికి పెట్టిన పేరు జీటీ. ఆ జీటీలో ఎన్ని రకాలొచ్చాయి, వాటిలో స్పెషల్ ఎడిషన్ అని పేరు పెట్టి అమ్మినవేవి, ఏ పేరూ పెట్టకుండా అమ్మినవేవి. నా పేచీ కూడా అక్కడే. ఈ కారు చరిత్రలో స్పెషల్ అనదగ్గ బళ్లకి ఆ బోర్డు లేదు. బోర్డు ఉన్నవాటిలో రంగూ చారలూ తప్ప ఏమున్నాయో మీరే చెప్పాలి. ఒప్పుకోనివాళ్లు ఇక్కడే ఉన్నారని నాకు తెలుసు. జూబిలీ అనే స్పెషల్ ఎడిషన్ ఓనరు ఒకాయన రెండో వరుసలో కూర్చుని నావైపే చూస్తున్నారు. వస్తాను సార్, మీ దగ్గరికీ వస్తాను.

ఎంజీబీ బయటికొచ్చింది 1962లో. ఆక్స్‌ఫర్డ్ పక్కన అబింగ్డన్ అనే ఊళ్లో ఎంజీ ఫ్యాక్టరీ. సిడ్ ఎనెవర్ అనే ఇంజినీర్ నాయకత్వంలో తయారైంది. దానికి ముందు వచ్చిన ఎంజీఏకి కింద విడిగా చాసిస్ ఉండేది, బాడీని దాని మీద బిగించేవాళ్లు. ఎంజీబీకి అలా లేదు. బాడీయే చాసిస్. 1798 సీసీ, నాలుగు సిలిండర్లు, 95 హార్స్‌పవర్. మరి పైన కప్పు లేని బండికి బాడీయే చాసిస్ అంటే, బలం ఎక్కడి నుంచి రావాలి? తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పోయే సిల్స్ నుంచి రావాలి, మధ్యలో గేర్‌బాక్స్ మీదుగా పోయే టన్నెల్ నుంచి రావాలి. అందుకే ఎనెవర్ బృందం రోడ్‌స్టర్ అడుగు భాగాన్ని చాలా గట్టిగా కట్టింది. అంత గట్టి అడుగు మీద తర్వాత స్టీల్ కప్పు కూడా వేశారు. జీటీ గుంతల్లో పడినా ఒళ్లు విరుచుకున్నట్టు మూలగదు, కారణం అదే. రోడ్‌స్టర్ నడిపినవాళ్లకి తెలుస్తుంది, గతుకుల్లో స్టీరింగ్ కాలమ్, డాష్‌బోర్డ్ కలిసి సన్నగా వణుకుతాయి. జీటీలో ఆ వణుకు చాలా తక్కువ.

ఈ కప్పు ఆలోచన ఎవరిది? జాన్ థార్న్‌లీ. ఎంజీ జనరల్ మేనేజర్. సిల్వర్‌స్టోన్ రేసు ట్రాక్‌లో ఆస్టన్ మార్టిన్ డీబీ కూపేలను చూసి ఆయన మనసు పారేసుకున్నాడు. అలాంటి బండి, కానీ మామూలు జీతగాడికి అందే ధరలో. కంపెనీ డైరెక్టర్ ఒకాయన ఆఫీసు ముందు ఆపినా చిన్నతనంగా అనిపించకూడదు. ఇదీ ఆయన కోరిక. బాగానే ఉంది. కానీ కోరిక ఉంటే సరిపోతుందా? అబింగ్డన్‌లో వాళ్లే ముందు ప్రయత్నించారు. రోడ్‌స్టర్ అద్దం అలాగే ఉంచి, దాని మీద కప్పు పెట్టి చూశారు. కుదర్లేదు. రోడ్‌స్టర్ ముందు అద్దం పొట్టిది. దానికి తగ్గట్టు కప్పు వేస్తే లోపలివాళ్ల తల తగులుతుంది. తల తగలకుండా ఎత్తు పెంచితే నెత్తిన గిన్నె బోర్లించినట్టు ఉంటుంది.

అప్పుడు బండిని ఇటలీకి, టురిన్‌లో ఉన్న పినిన్‌ఫరీనాకి పంపారు. ఇక్కడ తెర మీద చూడండి. ఎడమ పక్కది రోడ్‌స్టర్, కుడి పక్కది జీటీ. బానెట్ ఒకటే, తలుపు ఒకటే, లైట్లు ఒకటే. తేడా ఎక్కడుంది? ముందు అద్దం దగ్గర. పినిన్‌ఫరీనా వాళ్లు కప్పు దగ్గర మొదలుపెట్టలేదు, అద్దం దగ్గర మొదలుపెట్టారు. దాని పై అంచుని కొన్ని అంగుళాలు పైకి లేపారు. అది లేచేసరికి కప్పు వెనక్కి నెమ్మదిగా జారడానికి చోటు దొరికింది. ఇంకోటి, కప్పు పక్క అంచు చూడండి, మడత పెట్టినట్టు పదునుగా ఒక గీత ఉంటుంది. ఆ గీత లేకపోతే కప్పు ఉబ్బినట్టు కనిపించేది. గీత వల్ల కంటికి కప్పు అక్కడితో అయిపోయినట్టు, సన్నగా కనిపిస్తుంది. రెండంటే రెండు మార్పులు. మిగతాదంతా వాటి వెంట వచ్చింది.

వెనక డిక్కీ మూత బదులు అద్దంతో సహా పైకి లేచే టెయిల్‌గేట్. వెనక చిన్న సీటు. చిన్న సీటు అంటే పిల్లలకే, పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. ఆ సీటు వీపు వంచేస్తే టెయిల్‌గేట్ దాకా చదునుగా సామాన్ల చోటు. 1965 అక్టోబర్‌లో అమ్మకానికొచ్చింది, ఇంగ్లండ్‌లో వెయ్యి పౌండ్లకు కాస్త తక్కువ. ఇటాలియన్ గీత, మామూలు ధర. స్టీల్ కప్పు వల్ల బరువు పెరిగి పికప్ కొంచెం తగ్గింది. గాలి సాఫీగా జారిపోవడం వల్ల టాప్ స్పీడ్ కొంచెం పెరిగింది. నన్నడిగితే ఈ మొత్తం కథలో అసలైన స్పెషల్ ఎడిషన్ ఇదే. దాని మీద అలా రాసి లేదు, అంతే.

మధ్యలో ఒక పక్క కథ. ఫ్యాక్టరీ కన్నా ముందే ఎంజీబీకి కప్పు వేసినవాడొకడున్నాడు. బ్రసెల్స్‌లో జాక్ కూన్ అనే బాడీ బిల్డర్. 1964లో ఎంజీబీ బెర్లినెట్ అని మొదలుపెట్టాడు. ఫాస్ట్‌బ్యాక్ కప్పు, కోసేసినట్టుండే వెనక భాగం. అందంగానే ఉంటుంది. యాభై పైచిలుకు తయారయ్యాయి. తర్వాత ఫ్యాక్టరీ జీటీ వచ్చింది, ధర చూడండి, ఇక చేత్తో చేసిన బండి ఎవరు కొంటారు?

సరే, ఇప్పుడు ఎంజీసీ. ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను, దీని మీద జరిగిన అన్యాయం గురించి చెప్పాలి. సగం అన్యాయం, సగం న్యాయం.

ఆస్టిన్ హీలీ 3000 అనే స్పోర్ట్స్ కారు ఆగిపోయే రోజులవి. దాని స్థానంలో ఆరు సిలిండర్ల బండి కావాలి. ఉన్న ఎంజీబీలోనే పెద్ద ఇంజిన్ పెడితే సరి అనుకున్నారు. 2912 సీసీ, ఆరు సిలిండర్లు వరసగా, 145 హార్స్‌పవర్. 1967లో వచ్చింది, రోడ్‌స్టర్ గానూ, జీటీ గానూ. చెప్పడానికి సులువు. ఆ ఇంజిన్ మొత్తం పోత ఇనుము. నాలుగు సిలిండర్ల దానికన్నా సుమారు 95 కేజీలు ఎక్కువ. అంతా ముందు చక్రాల మీదే. ఇంజిన్ పొడవు వల్ల కింద ముందు సస్పెన్షన్ అడ్డ కమ్మీకి చోటు లేకుండా పోయింది, కాబట్టి కాయిల్ స్ప్రింగులు తీసేసి టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు పెట్టారు. పైన బానెట్ మూసుకోలేదు, కాబట్టి బానెట్‌కి ఉబ్బు పెట్టారు. ముందు కార్బొరేటర్ ఇంకా తగులుతోంది, కాబట్టి ఆ ఉబ్బు మీద కన్నీటి బొట్టులా ఇంకో చిన్న ఉబ్బు. ఎంజీసీని దూరం నుంచే గుర్తుపట్టాలంటే ఆ బొట్టు చూడండి, చాలు. చక్రాలు కూడా 14 అంగుళాల నుంచి 15 అంగుళాలకి పెరిగాయి.

పత్రికలవాళ్లు నడిపి ఏమన్నారు? మలుపులో ముక్కు తిరగదు, స్టీరింగ్ బరువు, ఇంజిన్‌కి చురుకు లేదు. వాళ్లకిచ్చిన బళ్లలో టైర్ల గాలి సరిగ్గా పెట్టలేదని చాలామంది అంటారు, అది నిజమే అయ్యుండొచ్చు. కానీ ముక్కు మీద 95 కేజీలు ఎక్కించాక ఒక్క గాలితో అంతా సర్దుకుంటుందా? నేను అనుకోను. అయితే ఎంజీసీ జీటీని హైవే మీద నడిపి చూడండి. పెద్ద ఇంజిన్, పొడవాటి గేరు, పైన కప్పు, లోపల నిశ్శబ్దం. దూర ప్రయాణానికి పుట్టిన బండి. దాన్ని స్పోర్ట్స్ కారు అని అమ్మారు, అదే తప్పు. అప్పట్లో యువరాజుగా ఉన్న చార్లెస్ తీసుకున్నది ఎంజీసీ జీటీయే, తర్వాత అది ఆయన కొడుకు విలియమ్‌కి వెళ్లింది. ఆ బండి అన్నేళ్లు ఇంట్లో ఉందంటే మరీ చెడ్డది అయ్యుండదు కదా.

1969లో ఆపేశారు. మొత్తం సుమారు 9,000 బళ్లు, అందులో దాదాపు సగం జీటీలు. ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. చివర్లో అమ్ముడుపోకుండా మిగిలిన ఎంజీసీలను లండన్‌లోని యూనివర్సిటీ మోటార్స్ అనే డీలర్లు మూకుమ్మడిగా కొన్నారు. కొన్నిటికి రంగులు మార్చారు, కొన్నిటి ఇంజిన్లు ట్యూన్ చేయించారు, స్పెషల్ అని పేరు పెట్టి అమ్మారు. ఇప్పుడవి అపురూపం. మొదలు మాత్రం ఏంటి? మిగిలిపోయిన సరుకు. ఏ స్పెషల్ ఎడిషన్ చూసినా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే. అప్పుడు గోడౌన్‌లో ఎన్ని బళ్లున్నాయి?

ఇదే ఎంజీసీ నుంచి ఇంకో రకం కూడా పుట్టింది, పూర్తిగా వ్యతిరేకం. జీటీఎస్. అల్యూమినియం బాడీ, వెడల్పాటి రెక్కలు, రేసుల కోసం ఫ్యాక్టరీ పోటీ విభాగం చేసింది. 1968లో అమెరికాలో సెబ్రింగ్ 12 గంటల రేసులో ప్యాడీ హాప్‌కిర్క్, ఆండ్రూ హెడ్జెస్ నడిపి మొత్తం మీద పదో స్థానం తెచ్చారు. ఫ్యాక్టరీ పూర్తి చేసిన రేసు బళ్లు రెండే. అది స్పెషల్ అంటే. అమ్మకానికి పెట్టనే లేదు.

ఇక వీ8. నిద్రపోతున్నవాళ్లుంటే లేపండి, అసలు సంగతి ఇది.

కెన్ కాస్టెల్లో అనే రేసు డ్రైవర్. ఆయన బుర్రలో ఒక ఆలోచన. రోవర్ కంపెనీ దగ్గర ఒక వీ8 ఇంజిన్ ఉంది, వీ ఆకారంలో రెండు వరసలుగా ఎనిమిది సిలిండర్లు, 3528 సీసీ, అసలు అమెరికాలో బ్యూక్ వాళ్లది, హక్కులు రోవర్ కొనుక్కుంది. దాని గొప్ప ఏంటంటే మొత్తం అల్యూమినియం. ఎనిమిది సిలిండర్లున్నా ఎంజీబీ నాలుగు సిలిండర్ల ఇనప ఇంజిన్‌కి దాదాపు సమానమైన బరువు, ఇంకా చెప్పాలంటే కాస్త తక్కువే. ఎంజీసీకి ఏం జరిగిందో ఇప్పుడే విన్నారు కదా? అక్కడ శక్తితో పాటు బరువు వచ్చింది. ఇక్కడ శక్తి మాత్రమే వచ్చింది. ముందు సస్పెన్షన్ మార్చక్కర్లేదు. కాస్టెల్లో ఎంజీబీల్లో ఈ ఇంజిన్ పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. ఎంజీ, రోవర్ రెండూ ఉన్న బ్రిటిష్ లేలాండ్ గ్రూపు పెద్దలు ఆయన బండి ఒకటి తెప్పించుకుని చూశారు. చూసి, మనమే చేద్దాం అన్నారు. ఆయనకి చేదుగానే ఉండి ఉంటుంది.

1973 ఆగస్టులో ఎంజీబీ జీటీ వీ8 వచ్చింది. 137 హార్స్‌పవర్. గంటకు 125 మైళ్ల దాకా పోతుంది. దీన్ని జీటీగానే చేశారు, రోడ్‌స్టర్‌గా చేయలేదు. ఇంజినీరింగ్ పరంగా నాకు నచ్చేది ఒక చిన్న పని. కాస్టెల్లో బండికి బానెట్ మీద ఉబ్బు ఉండేది, ఎందుకంటే కార్బొరేటర్లు ఇంజిన్ నెత్తిన ఉంటాయి. అబింగ్డన్ వాళ్లు కొత్త మ్యానిఫోల్డ్, అంటే కార్బొరేటర్ నుంచి ఇంజిన్‌లోకి పోయే గొట్టాలు వేసి, రెండు కార్బొరేటర్లనూ వెనక్కి, డాష్‌బోర్డ్ గోడ పక్కకి జరిపారు. ఉబ్బు లేదు, మామూలు బానెట్ మూసుకుంది. బయటి నుంచి చూస్తే మామూలు జీటీయే. చిన్న వీ8 బ్యాడ్జీ, డన్‌లప్ చక్రాలు, అంతే. ఆ చక్రాలు కూడా చూడతగ్గవి. మధ్య భాగం పోత అల్యూమినియం, చుట్టూ రిమ్ క్రోమ్ వేసిన స్టీల్, రెంటినీ రివెట్లతో కలిపారు. దగ్గరకెళ్లి వేలు పెట్టి చూస్తే రివెట్ తలలు చేతికి తగులుతాయి.

మరి ఇంత మంచి బండి ఎందుకు అమ్ముడుపోలేదు? ఆగస్టులో వచ్చింది. అక్టోబర్‌లో ఏమైంది? చమురు సంక్షోభం. పెద్ద ఇంజిన్ అంటేనే జనం భయపడే కాలం. పైగా ధర ఫోర్డ్ కాప్రీ మూడు లీటర్ల దానికన్నా ఎక్కువ. పైగా అమెరికాకి పంపలేదు. ఎడమ స్టీరింగ్‌తో కొన్ని నమూనాలు చేసి ఊరుకున్నారు. ఎంజీబీల్లో ఎక్కువ భాగం కొన్నది అమెరికా, ఆ అమెరికాకే పంపకపోతే? 1976లో ఆపేశారు. మొత్తం 2,591. జీటీలన్నీ కలిపితే లక్షా పాతికవేల పైన, అందులో ఇవి రెండున్నర వేలు. లిమిటెడ్ ఎడిషన్ అని వాళ్లు అనుకోలేదు. కాలమే లిమిట్ పెట్టింది.

ఈలోపు 1974 చివర్లో బంపర్లు మారాయి. అమెరికా నిబంధనల కోసం క్రోమ్ బంపర్లు పోయి పెద్ద నల్ల బంపర్లు వచ్చాయి, బంపర్ ఎత్తు కుదరడానికి బండినే అంగుళం పైన లేపారు. చూపుకీ దెబ్బే, నడకకీ దెబ్బే. అదే సమయానికి అమెరికాలో జీటీ అమ్మకం ఆపేశారు. అదే గ్రూపులో ట్రయంఫ్ టీఆర్7 అనే స్పోర్ట్స్ కారు వస్తోంది, దానికి ఇంట్లో పోటీ ఎందుకని.

ఇప్పుడు జూబిలీ. సార్, విన్నాక తిట్టండి.

1975. ఎంజీకి యాభై ఏళ్లని పండగ. 1925 నుంచి లెక్క. ఎంజీ బ్యాడ్జీతో బళ్లు అంతకు ముందే అమ్మారని చరిత్ర తెలిసినవాళ్లంతా అంటారు. పోనీయండి, పండగ ముఖ్యం. జీటీలు 750, అన్నీ రేసింగ్ గ్రీన్ రంగు, పక్కల బంగారు రంగు చారలు, వీ8 చక్రాలకే బంగారు రంగు పూత, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు), లోపల నంబర్ వేసిన చిన్న ప్లేటు. ప్రచార కార్యక్రమంలో ఒకటి ధ్వంసమైతే దాని బదులు ఇంకోటి చేశారు, అందుకే లెక్కల్లో 751 అని ఉంటుంది. బానెట్ తెరిస్తే? అదే 1798 సీసీ. కొత్త నల్ల బంపర్ల బండిని జనం పెదవి విరుస్తూ చూస్తున్న ఏడాదిలో ఆ బండికే ఆకుపచ్చ రంగేసి పండగ చేశారు. అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఆ ముదురు ఆకుపచ్చ మీద నల్ల బంపర్లు కొంచెం కలిసిపోతాయి. నల్ల బంపర్ జీటీల్లో చూడ్డానికి నాకు నచ్చేది ఇదొక్కటే. సార్ నవ్వారు, బతికిపోయాను.

చివరిది ఎల్ఈ, అంటే లిమిటెడ్ ఎడిషన్. 1979 సెప్టెంబర్‌లో ఎంజీ అబింగ్డన్‌కి వచ్చి యాభై ఏళ్లైన ఉత్సవాలు జరిగాయి. ఊరేగింపులు, సంబరాలు. అవి ముగిశాయో లేదో, 10వ తేదీ సోమవారం నాడు యాజమాన్యం ప్రకటించింది, ఎంజీబీ ఆపేస్తున్నామని. ఆస్టన్ మార్టిన్ వాళ్ల నాయకత్వంలో కొందరు కలిసి ఎంజీని కొనడానికి ప్రయత్నించారు, కుదర్లేదు. థార్న్‌లీ ఆస్టన్ మార్టిన్‌ని చూసి జీటీ చేయించాడు, చివరికి ఆస్టన్ మార్టినే దాన్ని బతికించాలని చూసింది. 1980 అక్టోబర్‌లో చివరి బండి లైన్ మీద నుంచి దిగింది. చివరి వెయ్యికి ఎల్ఈ అని పేరు పెట్టారు. 420 రోడ్‌స్టర్లు కంచు రంగు, 580 జీటీలు తగరపు బూడిద రంగు. అల్లాయ్ చక్రాలు, ముందు స్పాయిలర్, పక్కల చారలు. అమ్మకానికి వచ్చేసరికి 1981, అప్పటికి ఫ్యాక్టరీ లేదు. మెకానికల్‌గా చెప్పడానికేమీ లేదు, కాబట్టి నేనూ చెప్పను.

కొనేవాళ్ల కోసం రెండు ముక్కలు. చాసిస్ నంబర్ ముందు అక్షరాలు చదవడం నేర్చుకోండి. జీహెచ్‌ఎన్ అంటే రోడ్‌స్టర్, జీహెచ్‌డీ అంటే జీటీ. ఎంజీసీ జీటీ అయితే జీసీడీ1. ఫ్యాక్టరీ వీ8 అయితే జీడీ2డీ1. ఇది ఎందుకు ముఖ్యమంటే, నల్ల బంపర్ కాలం నాటి మామూలు బాడీల ఇంజిన్ గది కూడా వీ8కి సరిపోయేలాగే ఉంటుంది, కాబట్టి తర్వాత రోవర్ ఇంజిన్ పెట్టించినవి బోలెడున్నాయి. అవి చెడ్డవని అనను, కొన్ని ఫ్యాక్టరీ దానికన్నా బాగా పరిగెడతాయి. కానీ జీహెచ్‌డీ అని ఉన్న బండికి జీడీ2డీ1 ధర ఇవ్వకండి. జూబిలీతో చిక్కేంటంటే దానికి విడిగా అక్షరాలు లేవు, మిగతా జీటీల్లాగే జీహెచ్‌డీ5. ఆకుపచ్చ రంగు ఎవరైనా వేయించొచ్చు, చారలు ఎవరైనా అంటించొచ్చు. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డులు చూసి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది, తయారైన తేదీ, అసలు రంగు అందులో ఉంటాయి. ముందు అది చూపించమనండి.

మీకైతే ఏది కావాలి అని ఎవరో అడిగారు. గట్టిగా అడగండి, అందరికీ వినిపించాలి. నాకైతే వీ8 కాదు, దాని ధర నాకు అందదు. 1968 నుంచి 1974 మధ్య క్రోమ్ బంపర్ల మామూలు జీటీ. 1967 చివర్లో గేర్‌బాక్స్ మారి ఫస్ట్ గేర్‌కీ సింక్రోమెష్ (గేరు కరకరమనకుండా సాఫీగా పడేలా చేసేది) వచ్చింది, కాబట్టి ఆ తర్వాతది. ఓవర్‌డ్రైవ్ ఉన్నది. చూడ్డానికి వెళ్లినప్పుడు బానెట్ తర్వాత తెరుస్తాను. ముందు సిల్ కింద జాక్ పెట్టే చోట జాక్ పెట్టి ఆ పక్క లేపమంటాను. లేపుతుండగా తలుపు వెనక సందు చూస్తాను. సందు మారకపోతే సిల్ బాగుంది. సందు మూసుకుపోతున్నా, తలుపు తీయడానికి పట్టేసినా లోపల సిల్ తుప్పుతో తినేసిందన్నమాట. అప్పుడు పైన రంగు ఎంత మెరుస్తున్నా అనవసరం. బాడీ మరీ పోయిందంటే ఇంకో దారి కూడా ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు 1988 నుంచి కొత్త బాడీ షెల్స్ తయారుచేస్తున్నారు, మొదట రోడ్‌స్టర్‌కి, తర్వాత జీటీకి కూడా. ఖర్చు గట్టిగానే అవుతుంది, కానీ తుప్పు సిల్ మీద అతుకు మీద అతుకు వేయించుకుంటూ పోవడం కన్నా నేను దానికే మొగ్గుతాను. ఇంకెవరైనా అడగాలంటే అడగండి.